క్లౌ దొర కథలో ఎర్రగుంట్ల పేరయ్య

పొందూరు, బొబ్బిలి వైపు మిషన్ అంటే కెనడా బాప్టిస్టులు. ఒంగోలు వైపు వెళితే అమెరికా నుంచి వచ్చిన క్లౌ దొర పేరు వినబడుతుంది. జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో భూముల సర్వే బృందంతో తిరిగాడు. అయోవాలో చదివాడు. 1866లో భార్య హారియెట్‌తో ఒంగోలు చేరాడు.

అయితే ఆయన కోసం ఎదురుచూస్తూ మాదిగపల్లెలు ఖాళీగా లేవు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, రాజయోగం సాధన చేసినవాడు. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు సంగతి విని, తానే ఊళ్లలో చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరికి వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దారి వేసింది పేరయ్య.

అసలు పరీక్ష ఒంగోలులో ఎదురైంది. మాదిగల్ని చేర్చుకుంటే తాము రామని అగ్రకులాలవారు తేల్చిచెప్పారు. ఆ రాత్రి తానూ హారియెట్టూ విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో ఒకే భాగం వచ్చిందని క్లౌ చెప్పుకున్నాడు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. మాదిగల్ని మాత్రం ఆయన వదలలేదు. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవి అక్కడి నియమాలు. జాతరలో డప్పు కొట్టం, ఆదివారం వెట్టికి రాం అన్న మాదిగల మీద ఊరి పెద్దలు కక్షగట్టారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. గంజి కోసం మతం మారారన్న నింద నేటికీ వింటున్నాం కదా. కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు.

హారియెట్ పోయాక ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లాడాడు. స్త్రీల హక్కుల రచయిత్రి మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేట్ చేసిన మనిషి ఆమె. మాదిగ పెద్దల నోట విన్న కథల్ని 1899లో పుస్తకంగా తెచ్చింది. 1910లో క్లౌ అమెరికాలో కన్నుమూశాడు. పేరయ్య గురించి ఈ మాత్రమైనా మనకు తెలిసిందంటే, అందులో ఆ పుస్తకం పాలు పెద్దది.