నిప్పుకి ఎదురెళ్లిన వడ్రంగి కొడుకు

మా జహీరాబాద్‌లో చెరకు తోటలు ఎంత దగ్గరో, ఫ్యాక్టరీలు, గోడౌన్లు కూడా అంతే దగ్గర. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం అవి. సిబ్బంది వచ్చి పైపు పరిచి నీళ్లు చిమ్మి చూపిస్తే, మనం వీడియో తీసుకుని వెళ్లిపోతాం. మంటలార్పడానికి కూడా ఒక చదువు, ఒక శిక్షణ ఉండాలని మొదట్లోనే పట్టుబట్టిన మనిషి ఒకడున్నాడు. పేరు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్.

1800లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రిది వడ్రంగం, ఇళ్లు కట్టే పని. కాబట్టి గోడ ఎలా నిలబడుతుందో, దూలం ఎక్కడ విరుగుతుందో చిన్నప్పుడే తెలిసింది. 1824లో ఆ నగరం సొంతంగా అగ్నిమాపక దళం పెట్టి, దాన్ని ఇతని చేతిలో పెట్టింది. వయసు 24, అంటే మన సీనియర్ల వయసే! కొన్ని వారాలకే ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం. తలో అధికారి తలో ఆర్డరు వేయడంతో అంతా గందరగోళం. మంటల దగ్గర ఒక్కరి మాటే చెల్లాలని అప్పుడు అందరికీ అర్థమైంది.

దళంలోకి తాపీ మేస్త్రీల్ని, వడ్రంగుల్ని, కమ్మరుల్ని, పైకప్పులు వేసేవాళ్లని తీసుకున్నాడు. ఇల్లు కట్టినవాడికే అది ఎటు కూలుతుందో తెలుస్తుంది కదా! ఊరు నిద్రలేవకముందే డ్రిల్లు పెట్టేవాడు. రోడ్డు మీద నిలబడి కిటికీలోకి నీళ్లు కొడితే లాభం లేదు, లోపలికెళ్లి మంట మొదలైన చోటే కొట్టాలి. ఒంటరిగా వెళ్లొద్దు. పొగలో నేలకి దగ్గరగా పాకాలి, మంచి గాలి అక్కడే ఉంటుంది. ఇవన్నీ 1830లో పుస్తకంగా రాశాడు.

1833లో లండన్ ఇన్సూరెన్స్ కంపెనీలు తమ దళాలన్నీ కలిపి ఆయనకి అప్పజెప్పాయి. మరుసటి ఏడాది పార్లమెంటు భవనం తగలబడితే, పాత వెస్ట్‌మిన్‌స్టర్ హాలుని కాపాడినవాళ్లలో ఆయన మనుషులూ ఉన్నారు. అయినా ఆయన్ని వెంటాడిన భయం గోడౌన్లే. పోత ఇనుప స్తంభాలు వేడికి బలం కోల్పోతాయనీ, వేడి మీద నీళ్లు పడితే పగులుతాయనీ సివిల్ ఇంజనీర్ల ముందే చెప్పాడు. భారీ గోడౌన్లని గోడలతో చిన్న చిన్న భాగాలుగా విడగొట్టమన్నాడు. విన్నవాళ్లు తక్కువ.

1861 జూన్ 22న థేమ్స్ ఒడ్డున టూలీ స్ట్రీట్ గోడౌన్లు అంటుకున్నాయి. లోపల పత్తి, జనుము, చక్కెర. మంటని ఆపాల్సిన ఇనుప తలుపులు తెరిచే ఉన్నాయి. అలసిన తన వాళ్లని చూసుకుంటూ తిరుగుతున్న బ్రెయిడ్‌వుడ్ మీద గోడ కూలింది. శవం బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు.

నష్టం చూసి ఇన్సూరెన్స్ కంపెనీలు చేతులెత్తేశాయి. 1865లో చట్టం వచ్చింది, లండన్ మంటలార్పే బాధ్యత ప్రజా సంస్థ చేతికి పోయింది.

రేపు మనలో కొందరం గోడౌన్లకి డ్రాయింగులు గీస్తాం, కొందరం వాటికి సంతకాలు పెడతాం. ఫైర్ డోర్ మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టడం మనం రోజూ చూసేదే. ఈసారి కనిపిస్తే ఆ ఇటుక తీసేద్దాం. లోపలికి పాకుతూ వెళ్లేవాడు ఇంకొకడుంటాడు.