బార్నాక్ దొర కెమేరా - మా మామ లెన్సు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం గురించి వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు, గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి, మన కల్లూరు సుబ్బారావుగారి గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గదా అనుకున్నాను. నేను ఒక జర్మనీ మెకానిక్కు గురించి వ్రాస్తాను. ఆయన పేరు ఆస్కార్ బార్నాక్. ఫోటోలు తీసేవారి లోకంలో ఆయన పేరు తెలియనివారు అరుదు. లైకా కెమేరాను తయారుచేసిన మనిషి ఆయనే.

కలెక్టరాఫీసులో ఫైళ్ళు తిప్పి రిటైరైన గుమాస్తాకు ఈ సంగతులతో పనేమిటని మీరు అడగవచ్చు. మా మేనమామ ఫోటోగ్రాఫరు. సైకిలు వెనుక పెద్ద పెట్టె కెమేరా, మూడుకాళ్ళ స్టాండు, నల్లగుడ్డ కట్టుకుని కళ్యాణదుర్గం వైపు, కణేకల్లు వైపు పల్లెలు తిరిగేవాడు. ఆయనకు ఉబ్బసం. ఎండాకాలం ఎర్రదుమ్ము లేస్తే ఏదో ఒక చెట్టుకింద సైకిలు పడేసి గంటసేపు ఆయాసపడేవాడు. 1963లో అత్త రెండు బంగారు గాజులు అమ్మి మద్రాసులో ఒక చిన్న కెమేరా కొన్నాడు. అమ్మినవాడు అది జర్మనీ లైకా అని చెప్పాడు. మామ నమ్మాడు. మేమంతా నమ్మాము.

బార్నాక్‌కూ ఉబ్బసమే. ఆయన 1879 నవంబరు 1న బెర్లిన్‌కు దక్షిణాన లినో అనే పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు ప్రకృతి దృశ్యాలు గీసే చిత్రకారుడు కావాలని కోరిక. కానీ బ్రతుకుతెరువు కోసం పరికరాలు చేసే పని నేర్చుకోవలసి వచ్చింది. 1902లో యేనా పట్టణంలోని జైస్ కంపెనీలో చేరాడు. సెలవు దొరికితే అక్కడి అడవుల్లో ఫోటోలు తీయడానికి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో కెమేరా అంటే 13 సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్లు కొలత గల గాజు పలకలు, వాటి పెట్టె, స్టాండు, అన్నీ మోసుకుపోవాలి. ఊపిరి సరిగ్గా ఆడని మనిషికి అది ఎంత బాధో మా మామను చూసినవాణ్ణి గనుక నాకు తెలుసు. అప్పుడే ఆయన బుర్రలో చిన్న నెగెటివు, పెద్ద ఫోటో అనే ఆలోచన పడింది. 1905 ప్రాంతంలో ఒకే గాజుపలక మీద అనేక చిన్న బొమ్మలు తీసే ప్రయత్నం చేశాడు గాని, ఆనాటి పలకల గరుకుదనం వల్ల పెద్దవి చేస్తే బొమ్మ బాగా రాలేదు.

1911లో ఆయన వెట్‌జ్లార్ పట్టణంలో మైక్రోస్కోపులు చేసే లైట్జ్ కంపెనీకి మారాడు. సినిమా ఫిలింలో ఒక బొమ్మ 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. బార్నాక్ రెండు బొమ్మల చోటు కలిపి 24, 36గా చేసి, ఫిలిం అడ్డంగా నడిచేటట్లు, 1914 నాటికి జేబులో పట్టే కెమేరాను తన చేతులతో చేశాడు. దానితో యజమాని లైట్జ్ గారు ఆ సంవత్సరమే అమెరికా వెళ్ళి ఫోటోలు తీశాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఈ పని మూలపడింది. 1920లో వెట్‌జ్లార్‌కు వరద వస్తే వీధుల్లో నీళ్ళను బార్నాక్ ఆ చిన్న కెమేరాతోనే తీశాడు. (వరద ఫోటో తీసే భాగ్యం మన జిల్లా వాళ్ళకు అరుదు. నా సర్వీసులో ప్రతిపాదనల వెంట నేను పంపిన ఫోటోలన్నీ ఎండిన చెరువులవే.)

1924లో రెండవ ఎర్నస్ట్ లైట్జ్ గారు ఈ కెమేరాను తయారు చేద్దామా వద్దా అని సమావేశం పెడితే ఎక్కువమంది వద్దన్నారట. దేశంలో డబ్బు విలువ పడిపోయి, పనివాళ్ళకు పని కల్పించవలసిన కాలం. ఆయన మాత్రం చేద్దామనే నిర్ణయించాడు. 1925 వసంతకాలంలో లైప్జిగ్ సంతలో లైకాను ప్రజల ముందు పెట్టారు. లైట్జ్ కెమేరా అనే రెండు మాటల్లోని మొదటి అక్షరాలు కలిపితే లైకా అయింది.

ఇక లెన్సు సంగతి. కెమేరా జేబులో పట్టాలంటే ముందుకు పొడుచుకువచ్చే లెన్సు అడ్డం. కాబట్టి గొట్టాన్ని లోపలికి నెట్టి, కావలసినప్పుడు లాగి తిప్పి బిగించే ఏర్పాటు చేశారు. అందులోని గాజుల లెక్క కట్టినవాడు అదే కంపెనీలోని మాక్స్ బెరెక్ అనే శాస్త్రవేత్త. మొదటి లెన్సు అనాస్టిగ్మాట్. తర్వాత అదే ఎల్‌మాక్స్. ఎర్నస్ట్ లైట్జ్, మాక్స్ పేర్లు కలిపి పెట్టారు. వీటిలో ఐదు గాజులు, వెనుక మూడూ అతికించి ఉండేవి. అవి చేయడం కష్టమైన పని. 1926లో నాలుగు గాజులతో, వెనుక రెండు మాత్రమే అతికించి, ఎల్‌మార్ వచ్చింది. 50 మిల్లీమీటర్లు, 3.5. కంపెనీ పేరు నిలిపింది ఈ చిన్న లెన్సే.

ఎల్‌మార్ ముప్పై ఏళ్ళకు పైగా వచ్చింది గనుక ఒక్క రకం కాదు. 1930 నుండి లెన్సు ఊడదీసి మార్చుకునే వీలు వచ్చింది. 1932లో కెమేరాలోనే రేంజ్‌ఫైండర్ వచ్చింది, అంటే కిటికీలో కనిపించే రెండు బొమ్మలు ఒకటిగా కలిసేవరకు లెన్సు తిప్పితే చాలు, దూరం కుదిరినట్లే. పాత ఎల్‌మార్‌లకు నికెల్ పూత, తర్వాతి వాటికి క్రోమియం. పాత వాటిమీద 4.5, 6.3, 9, 12.5, 18 అని అంకెలుంటే, తర్వాతి వాటిమీద మనకు తెలిసిన 4, 5.6, 8, 11, 16 ఉంటాయి. రెండవ యుద్ధం తర్వాత గాజుకు నీలిరంగు పూత వేశారు. ఎదురు వెలుతురులో బొమ్మ తెల్లబారకుండా కాపాడేది ఆ పూతే. 1950ల మొదట్లో దూరం అంకెలు ఎర్రరంగులో ఉన్నవి వచ్చాయి. కొనేవారు ఇప్పటికీ వాటికే ఎక్కువ ధర ఇస్తారు. 1957లో 2.8 ఎల్‌మార్ వచ్చింది. మధ్యలో 1933లో 2 వెలుతురుతో సుమ్మార్ అనే మరో ముడుచుకునే లెన్సు వచ్చింది గాని దాని ముందు గాజు మెత్తన, పంచెతో తుడిచినా గీతలు పడుతుంది. నన్నడిగితే, వేగం తక్కువైనా మన ఎండకు పూత ఉన్న ఎల్‌మారే మేలు.

ఇటువంటి లెన్సుకు మన ప్రాంతంలో ఒక లాభం, ఒక నష్టం. కోస్తాలో ఏ లెన్సుకైనా బూజు భయం. మన పొడిగాలికి బూజు తక్కువ. కానీ గొట్టం లాగిన ప్రతిసారీ గాలితోబాటు దుమ్ము లోపలికి పోతుంది. మామ దాన్ని అత్త పాత పట్టురవిక గుడ్డలో చుట్టి పెట్టేవాడు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గొట్టం లాగడం మరచిపోయినా కిటికీలో అంతా చక్కగానే కనిపిస్తుంది. ధర్మవరంలో ఒక పెళ్ళిలో తలంబ్రాలన్నీ మామ అలాగే తీశాడు. ఫిలిం కడిగితే అన్నీ మసక. పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇచ్చి వచ్చి మూడు రోజులు మాట్లాడలేదు.

బార్నాక్ 1936 జనవరి 16న 56 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. అప్పటికి లైకా ప్రపంచమంతా తిరుగుతోంది. 1948లో గాంధీగారి అంతిమయాత్రను కార్టియే బ్రెసాన్ తీసింది లైకాతోనే. బార్నాక్ తన సొంతానికి వాడుకున్న 105వ నంబరు కెమేరా 2022లో వేలంలో కోటీ నలభై నాలుగు లక్షల యూరోలు పలికింది.

మామ 1988లో పోయాడు. 2009లో అత్తకు కంటి ఆపరేషను అవసరమైంది. పిల్లలు లేరు. మేనల్లుడి డబ్బు ముట్టనని పట్టుబట్టి, ఆ లైకా అమ్మి చేయించమంది. బెంగళూరులో పాత కెమేరాలు బాగుచేసే ఒకాయన దగ్గరకు తీసుకుపోయాను. ఆయన ఒక అసలు ఎల్‌మార్‌ను పక్కన పెట్టి చూపించాడు. గొట్టం ఒకటే తీరు, ముందు చిన్న మీట ఒకటే తీరు. కానీ మేము జర్మనీ భాష అనుకున్న అక్షరాలు రష్యావి. కెమేరా పేరు జోర్కీ, లెన్సు ఇండస్టార్-22. 1948 నుండి మాస్కో దగ్గర లైకాను చూసి చేసినవి. లెన్సు ఊడదీసి లోపల చూపించాడు. లైకాలో లెన్సును తాకే మీట చివర గుండ్రటి చక్రం ఉంటుంది. మాదాంట్లో వంపు తిరిగిన ముక్క ఉంది. దూరం మీటర్లలోనే ఉంది. మామ దాన్ని మీటరుకు రెండు మూరల పైచిల్లర అని లెక్కగట్టుకుని నలభై మందిని ఒకే వరుసలో నిలబెట్టి తీసేవాడు. ధర అడిగితే ఆయన చెప్పిన మొత్తం ఆపరేషనులో పదోవంతుకు కూడా రాదు.

నా గ్రాట్యుటీలో మిగిలిన దాంట్లోంచి తీసి కట్టాను. లైకా అమ్ముడుపోయిందని అత్తకు చెప్పి, కెమేరాను మా బీరువాలో చీరల కింద దాచాను. కట్టు విప్పిన రోజు ఆమె కొన్నవాళ్ళెవరని అడిగింది. బెంగళూరు వాళ్ళన్నాను. ఫోటో తీసేముందు గొట్టం బయటికి లాగాలని వాళ్ళకు చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను.