కాశీయాత్ర లేఖకుడు – ఏనుగుల వీరాస్వామయ్య

గ్రంథాన్ని రచించడం ఒక ఎత్తు. ఆ గ్రంథం పాఠకుల చేతికి చేరడం మరొక ఎత్తు. పూర్వకాలంలో కవి తాటాకుల మీద గంటంతో కావ్యం రాసేవాడు. దానిని రాజుకో, సామంతునికో, ఇష్టదైవానికో అంకితమిచ్చేవాడు. కృతిభర్త కొలువులో పండితులు ఆ కావ్యాన్ని విని మెచ్చితే లేఖకులు ప్రతులు రాసుకొనేవారు. ఆ ప్రతుల ద్వారా కవి కీర్తి దేశమంతటా వ్యాపించేది. శిరివెళ్లకు పొరుగున ఉన్న నంద్యాల ఇందుకు చక్కని తార్కాణం. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. ఆనాటి రచనకు రాజాశ్రయమే పెద్ద అండ.

మరి ఏ రాజునూ ఆశ్రయించని రచయిత సంగతి ఏమిటి? కావ్యం రాయాలనే తలంపు కూడా లేక, తాను చూసినదాన్ని చూసినట్లు మిత్రునికి లేఖలుగా రాసిన మనిషి పేరు నేటికీ నిలిచి ఉండడానికి కారణమేమిటి? సూరన తరువాత సుమారు మూడు వందల ఏళ్లకు, 1830 వేసవిలో, అదే నంద్యాల సీమ మీదుగా కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య జీవితం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో చెన్నపట్నంలోని తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదవ ఏట తండ్రిని కోల్పోయాడు. తండ్రి నీడ తొలగిన ఆ బాలునికి విద్యే దిక్కయింది. అప్పటికి చెన్నపట్నం ఈస్టిండియా కంపెనీ వారి దక్షిణదేశ రాజధాని. దొరల కచేరీలలో ఇంగ్లీషు వచ్చిన దేశీయుల అవసరం ఎక్కువగా ఉండేది. వీరాస్వామయ్య పన్నెండేళ్లు నిండేసరికే ఇంగ్లీషును ధారాళంగా చదవగలిగాడు. జీతం లేకుండా కచేరీలో కొంతకాలం పని నేర్చుకొని, పదమూడవ ఏట తిరునల్వేలి జిల్లాలో దుబాసీగా ఉద్యోగం సంపాదించాడు. నేటి విద్యార్థి ఉన్నత పాఠశాలలో చదువుకొనే వయసులో ఆయన కుటుంబ భారాన్ని భుజాన వేసుకొన్నాడు.

తరువాత ఆయన చెన్నపట్నానికి తిరిగి వచ్చి వివిధ ఉద్యోగాలు చేశాడు. 1819లో అక్కడి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నియమితుడయ్యాడు. ఆ న్యాయస్థానం ఇంగ్లండు దేశపు చట్టాన్ని అనుసరించి నడిచేది. న్యాయమూర్తులకు దేశభాషలు రావు. సాక్షులకు ఇంగ్లీషు రాదు. ఇరువురి నడుమ దుబాసీ నిలబడి సాక్షి పలికిన ప్రతి మాటను ఇంగ్లీషులో వినిపించాలి. తన అభిప్రాయాన్ని అందులో కలపకూడదు. ఒక్క మాట తప్పితే ఒక కుటుంబం ఆస్తి పోవచ్చు. ఒక మనిషి శిక్షకు గురి కావచ్చు. విన్నదాన్ని విన్నట్లు, కన్నదాన్ని కన్నట్లు చెప్పే అలవాటును ఆ ఉద్యోగం ఆయనకు నేర్పింది. ఆయన రచనకు బలం చేకూర్చిన గుణం ఇదే.

వీరాస్వామయ్య ఉద్యోగంతో తృప్తి చెంది ఊరుకొన్న వ్యక్తి కాడు. శాస్త్ర విషయాలను పండితులతో చర్చించేవాడు. తెలుగు భాషకు ఎనలేని సేవ చేసిన బ్రౌను దొర వంటి వారు ఆయన మిత్రులు. చెన్నపట్నంలో విద్యావ్యాప్తికి పాటుపడిన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె ఆయనకు ప్రాణమిత్రుడు. పచ్చయప్ప మొదలియారు ధర్మనిధి నిర్వాహకులలో శ్రీనివాసపిళ్లె ఒకడు. వీరాస్వామయ్య రచన లోకానికి దక్కడానికి ఈ మిత్రుడే కారకుడు.

కాశీకి వెళ్లాలన్న కోరిక వీరాస్వామయ్యకు చాలాకాలంగా ఉంది. ఆ రోజుల్లో కాశీయాత్ర అంటే ప్రాణాలకు తెగించి చేసే ప్రయాణం. చెన్నపట్నంలో ప్రయాణికుల రైలుబండి 1856లో గాని నడవలేదు. దారిలో అడవులు, వరదనదులు, దొంగల భయం, రోగాల భయం ఉండేవి. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని జనం చెప్పుకొనేవారు. ఆయన న్యాయమూర్తుల వద్ద సెలవు పొంది, కుటుంబంతోను, పరివారంతోను 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరాడు. దారిలో చూసిన వింతలను, విశేషాలను ఎప్పటికప్పుడు రాసి పంపవలసిందిగా శ్రీనివాసపిళ్లె కోరాడు. వీరాస్వామయ్య అంగీకరించాడు. తెలుగులో తొలి యాత్రాచరిత్రగా పేరొందిన గ్రంథానికి ఆ స్నేహపూర్వకమైన కోరికే బీజమయింది.

తిరుపతి, కడప దాటి ఆయన అహోబిలం చేరుకొన్నాడు. నల్లమల కొండలలో వెలసిన నవనారసింహ క్షేత్రమది. అక్కడి నుండి మహానందికి పోయే దారి రుద్రవరం, శిరివెళ్ల ప్రాంతాల మీదుగా సాగుతుంది. తూర్పున నల్లమల అడవులు, పడమట కుందూనది, నడుమ నల్లరేగడి చేలు ఉన్న సీమ అది. నేటి విద్యార్థికి ఆ దారి బస్సులో గంటల ప్రయాణం. వీరాస్వామయ్య పరివారానికి అది రోజుల తరబడి నడక. తెల్లవారక ముందే కదలడం, ఎండ ముదిరేలోగా నీరు, నీడ ఉన్న ఊరు చేరడం, వంట చేసుకోవడం, మరుసటి మజిలీని గురించి ఊరివారిని విచారించడం – ఇది వారి దినచర్య.

ఆ విచారణలోనే ఆయన రచనకు కావలసిన సామగ్రి లభించింది. ఒక ఊరికీ మరొక ఊరికీ ఎంత దూరమో, బాట రాతిదో ఇసుకదో, నీరు మంచిదో కాదో, బాటసారి దిగడానికి చోటు ఉందో లేదో, అంగళ్లలో ఏయే సరుకులు దొరుకుతాయో ఆయన శ్రద్ధగా రాశాడు. దేవాలయ మాహాత్మ్యంతో పాటు ఆ ఊరి ప్రజల స్థితిని, అధికారుల తీరును కూడా గమనించాడు. ఆనాడు నంద్యాల, శిరివెళ్ల ప్రాంతాలు కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేవి. కందనూరు అంటే నేటి కర్నూలు. ఆయన మహానందిని సేవించి, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లాడు. శ్రీశైల యాత్రికుల నుండి నవాబు మనుషులు సుంకం వసూలు చేసే తీరును దాచకుండా వెల్లడించాడు. 1839లో కంపెనీ వారు ఆ నవాబు పాలనను అంతం చేశారు. ఆ పాలన చివరి దినాలలో ఈ సీమ ఎలా ఉండేదో తెలుసుకోవడానికి వీరాస్వామయ్య లేఖలు నేడు విలువైన ఆధారాలు.

శ్రీశైలం నుండి హైదరాబాదు, నాగపూరు, జబ్బల్పూరు, ప్రయాగల మీదుగా ఆయన కాశీ చేరాడు. గయలో పితృకార్యాలు నిర్వర్తించాడు. గంగానది మీద పడవలో ప్రయాణించి కలకత్తా నగరాన్ని దర్శించాడు. పూరీ జగన్నాథుని సేవించి, తూర్పు సముద్రతీరపు తెలుగు జిల్లాల మీదుగా 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరుకొన్నాడు. యాత్రకు పదిహేను నెలలకు పైగా పట్టింది. ఇంతకాలమూ ఆయన లేఖలు రాయడం మానలేదు. భాషలు మారే తీరు, ఆచారాలలోని భేదాలు, నిజాం రాజ్యపు పరిస్థితులు, కంపెనీ పాలనలోని మంచిచెడ్డలు వాటిలో చోటు చేసుకొన్నాయి.

ఆ లేఖల భాష మరొక విశేషం. ఆనాటి పండితులకు రచన అంటే పద్యమే. వచనం రాసినా వ్యాకరణ బద్ధమైన గ్రాంథికంలో రాయాలని నియమం. వీరాస్వామయ్య మిత్రునితో ముచ్చటిస్తున్నట్లు, చెన్నపట్నపు తెలుగువారు వ్యవహరించే భాషలోనే రాశాడు. కచేరీలలో వాడే ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కూడా అందులో సహజంగా కలిసిపోయాయి. వ్యావహారిక భాషోద్యమం ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో గాని బలపడలేదు. అంతకు ఎనభై ఏళ్లు ముందే వాడుక భాషలో ఇంత విస్తృతమైన వచనం వెలువడింది. అయితే రచయిత దానిని సాహిత్యమని భావించి రాయలేదు. పద్యకావ్యానికి ఉన్న గౌరవం ఆనాడు అటువంటి వచనానికి లేదు.

యాత్ర ముగించిన తరువాత వీరాస్వామయ్య మళ్లీ ఉద్యోగంలో ప్రవేశించాడు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, తెలుగుదేశాన్ని ఘోరమైన కరువు పీడించింది. ఆకలితో పట్నం చేరిన పేదలకు మిత్రులతో కలిసి అన్నం పెట్టించాడు. హిందూ లిటరరీ సొసైటీ అనే విద్వత్సంస్థ ఏర్పాటులో పాలుపంచుకొన్నాడు. 1835లో ఉద్యోగాన్ని విరమించాడు. 1836 అక్టోబరు 3న మరణించాడు. అప్పటికి ఆయన యాత్రాలేఖలు పుస్తకంగా రాలేదు. తన పేరు ముద్రించిన గ్రంథాన్ని చూసుకొనే భాగ్యం ఆయనకు కలగలేదు.

ఇక్కడ కథ ముగిసిపోవలసిందే. ఎందరో విద్యావంతుల లేఖలు వారి మరణానంతరం అటకల మీద చెదలకు ఆహారమయ్యాయి. వీరాస్వామయ్య లేఖలకు ఆ గతి పట్టకపోవడానికి కారణం శ్రీనివాసపిళ్లె. ఆయన మిత్రుని లేఖలన్నిటినీ భద్రపరిచాడు. వరుస కూర్చాడు. వాటిని ముద్రింపించడం తన ధర్మంగా భావించాడు.

తెలుగు లిపి అచ్చుకెక్కడం కొత్త విషయం కాదు. 1746లోనే జర్మనీలోని హాలే నగరంలో క్రైస్తవ బోధకుడు బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను ముద్రించాడు. 1829లో బ్రౌను వేమన పద్యాలను చెన్నపట్నంలో అచ్చువేయించాడు. అయితే దేశీయులు పుస్తకాలను స్వేచ్ఛగా ప్రకటించుకొనే పరిస్థితి అప్పటికి లేదు. 1835లో మెట్‌కాఫ్ గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు ముద్రణ మీది ఆంక్షలు తొలగిపోయాయి. ఆ తరువాత మూడేళ్లకు, 1838లో, శ్రీనివాసపిళ్లె కాశీయాత్ర చరిత్రను ప్రకటించాడు. తాటాకుల కాలంలో కృతిభర్త చేసిన పనిని ఇక్కడ స్నేహితుడు చేశాడు. అయితే కృతిభర్తకు కావ్యంలో తన వంశకీర్తి లభించేది. శ్రీనివాసపిళ్లె మిత్రుని పేరు నిలవాలని మాత్రమే కోరుకొన్నాడు.

పుస్తకం అచ్చయినంత మాత్రాన అది శాశ్వతంగా నిలవదు. కాశీయాత్ర చరిత్ర 1869లో రెండవసారి అచ్చయింది. తరువాత డెబ్బై ఏళ్లకు పైగా మూడవ కూర్పు రాలేదు. రైళ్లు వచ్చాయి. యాత్రికులకు పాత మజిలీల లెక్కతో పని లేకపోయింది. ప్రతులు అరుదైపోయాయి. అట్టి స్థితిలో విజయవాడకు చెందిన న్యాయవాది, చరిత్ర పరిశోధకుడు దిగవల్లి వేంకటశివరావు ఈ గ్రంథం విలువను గుర్తించాడు. రచయిత జీవిత విశేషాలను సేకరించి, వివరమైన పీఠికతో 1941లో మూడవ కూర్పును వెలువరించాడు. బాటసారులకు దారి చూపిన గ్రంథం అప్పటి నుండి చరిత్రకారులకు, భాషా పరిశోధకులకు దారి చూపసాగింది. 1973లో ఇంగ్లీషు అనువాదం కూడా వెలువడింది. సుమారు నూటనలభై ఏళ్ల నాటి తెలుగు దుబాసీ మాట ఇతర భాషల వారికీ వినిపించింది.

వీరాస్వామయ్య జీవితం రచయిత కాగోరే యువకులకు రెండు విషయాలు తెలుపుతుంది. కీర్తిని కోరి రాసిన రచన కంటే సత్యాన్ని ఆశ్రయించిన రచన ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆయన ప్రశంసల కోసం రాయలేదు కనుకనే ఊరి బావిలో నీటి రుచిని సైతం విస్మరించలేదు. ఆ చిన్న విషయాలే నేడు పెద్ద చరిత్ర అయ్యాయి. రెండవది, ఏ రచనా రచయిత ఒక్కని కృషితోనే పాఠకుని చేరదు. రాయమని కోరినవారు, దాచినవారు, అచ్చువేసినవారు, మరుగునపడినప్పుడు వెదికి తెచ్చినవారు – వీరందరి ఋణం ప్రతి మంచి పుస్తకం మీదా ఉంటుంది. శ్రీనివాసపిళ్లె లేనిచో వీరాస్వామయ్య తన కాలంతోనే మరుగున పడేవాడు. వేంకటశివరావు లేనిచో మన కాలానికి అందేవాడు కాడు.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే దారిలో నేటికీ శిరివెళ్ల ఉంది. అహోబిలానికి, మహానందికి యాత్రికులు నేటికీ వెళుతున్నారు. వారిలో చూసినదాన్ని శ్రద్ధగా రాసుకొనే విద్యార్థి ఒక్కడున్నా, ఆ రాతను పదిలపరిచే స్నేహితుడు అతనికి ఒక్కడు దొరికినా, వీరాస్వామయ్య నడిచిన బాట కొనసాగుతున్నట్లే.

అభ్యాసం

1. సుప్రీంకోర్టు ఉద్యోగం వీరాస్వామయ్య రచనకు ఏ విధంగా తోడ్పడింది?
2. కాశీయాత్ర చరిత్ర పాఠకులకు చేరిన విధానాన్ని వివరించండి.
3. రాజాశ్రయ కాలపు గ్రంథ ప్రచారానికీ, ముద్రణ కాలపు గ్రంథ ప్రచారానికీ గల భేదాలను తెలపండి.
4. మీ ఊరి నుండి సమీప యాత్రాస్థలానికి చేసిన ప్రయాణాన్ని మిత్రునికి లేఖగా రాయండి.