గ్రహాలకు పెద్దదిక్కు: జెరార్డ్ కైపర్

ఏం చదివితే ఉద్యోగం వస్తుంది అని అడగకుండా ఈ రోజుల్లో మనలో ఎవరమూ ఏ కోర్సులోనూ చేరడం లేదు. అది తప్పూ కాదు, ఇళ్ళల్లో పరిస్థితులు అలాంటివి. కాకపోతే ఉద్యోగాలూ, ప్రయోగశాలలూ, పట్టించుకునే పెద్దలూ లేని శాఖలో కావాలని అడుగుపెట్టి, తన వెనక వచ్చినవాళ్ళ కోసం వాటన్నిటినీ సమకూర్చి పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు జెరార్డ్ పీటర్ కైపర్. నేడు గ్రహశాస్త్రం పేరిట ఎందరో పరిశోధకులు జీవిస్తున్నారంటే దానికి వేసిన పునాదిరాళ్ళలో చాలా మటుకు ఆయన మోసినవే.

కైపర్ 1905 డిసెంబర్ 7న నెదర్లాండ్స్ ఉత్తర ప్రాంతంలో ఒక చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి దర్జీ. నలుగురు పిల్లల్లో ఇతనే పెద్దవాడు. కుర్రవాడి కంటిచూపు అసాధారణమైనది. మామూలు కళ్ళకి ఆనని మసక చుక్కలు కూడా అతనికి కనిపించేవట. ఆ సరదా చూసి తండ్రీ, తాతా కలిసి ఒక చిన్న టెలిస్కోపు కొనిపెట్టారు. దర్జీ కొడుకు విశ్వవిద్యాలయం మెట్లెక్కడం ఆ రోజుల్లో అక్కడ కూడా సామాన్యమైన సంగతి కాదు. బడిపంతులు చదువు పూర్తిచేసి, ఆపైన కష్టమైన ప్రవేశపరీక్ష నెగ్గి, 1924లో లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. జంట నక్షత్రాల మీద పరిశోధన చేసి 1933లో డాక్టరేటు పుచ్చుకున్నాడు.

చేతిలో డిగ్రీ ఉంది, బయట ఆర్థికమాంద్యం ఉంది. అమెరికా వెళ్ళి కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో కొన్నాళ్ళు, తర్వాత హార్వర్డ్‌లో కొన్నాళ్ళు తాత్కాలికంగా పనిచేశాడు. ఇక జావాలోని డచ్చివారి అబ్జర్వేటరీకి పోదామనుకుంటున్న సమయంలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్కిస్ అబ్జర్వేటరీ నుంచి పిలుపు వచ్చింది. 1937లో అమెరికా పౌరుడయ్యాడు. అప్పటికి ఆయన పేరున్న నక్షత్ర శాస్త్రజ్ఞుడు. ఆ దారినే సాగిపోతే హాయిగా గడిచిపోయే జీవితం.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ఆ కాలంలో ఖగోళ శాస్త్రజ్ఞులకి గ్రహాలంటే చిన్నచూపు. పెద్ద పెద్ద టెలిస్కోపులన్నీ నక్షత్రాల వైపు, గెలాక్సీల వైపు తిరిగి ఉండేవి. అందుకు కారణం లేకపోలేదు. అంతకు ముందు పర్సివల్ లోవెల్ అనే ధనికుడు అరిజోనాలో సొంత అబ్జర్వేటరీ కట్టించుకుని, అంగారకుడి మీద కాలువలున్నాయనీ, వాటిని తవ్వినవాళ్ళు ఎవరో ఉండే ఉంటారనీ ఊరూవాడా చాటాడు. ఆ కాలువలు వట్టి భ్రమ అని తేలాక గ్రహాల ఊసెత్తితేనే నవ్వులపాలవుతామని పెద్దలు దూరంగా జరిగారు. చంద్రుణ్ణీ గ్రహాలనీ చూడటం పెరట్లో టెలిస్కోపు పెట్టుకునే ఔత్సాహికుల పని అయిపోయింది.

అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఆ వీధిలోకి కైపర్ వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది. ఆయన రాడార్ పనుల్లో ఉన్నాడు. 1943-44 చలికాలంలో కొద్దిపాటి సెలవు దొరికితే విశ్రాంతి తీసుకోకుండా టెక్సస్‌లోని మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీకి పోయి, 82 అంగుళాల టెలిస్కోపుతో గ్రహాలనీ, వాటి పెద్ద చంద్రులనీ వరుసగా పరీక్షించాడు. శనిగ్రహపు చంద్రుడు టైటన్ నుంచి వచ్చే కాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తే అందులో మీథేన్ వాయువు జాడ కనిపించింది. ఒక గ్రహం చుట్టూ తిరిగే చంద్రుడికి కూడా వాతావరణం ఉంటుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. సెలవు రోజుల్లో దొరికిన ఆ ఒక్క ఫలితం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

యుద్ధకాలంలో పరారుణ కిరణాలను పసిగట్టే సున్నితమైన పరికరాలు తయారయ్యాయి. అవి సైన్యం కోసం చేసినవి. వాటిని టెలిస్కోపుకి బిగిస్తే గ్రహాల గాలిని పరీక్షించవచ్చని గ్రహించిన తొలివారిలో కైపర్ ఒకడు. 1947లో అంగారకుడి వాతావరణంలో కార్బన్ డయాక్సైడు ఉందని కనిపెట్టాడు. 1948లో యురేనస్‌కి అయిదో చంద్రుణ్ణి పట్టుకుని మిరాండా అని పేరు పెట్టాడు. 1949లో నెప్ట్యూన్‌కి రెండో చంద్రుడు నెరీడ్ దొరికింది.

తర్వాత ఆయన దృష్టి మన చందమామ మీద పడింది. చంద్రుడి ఉపరితలానికి మంచి పటాల సంపుటి ఒకటి తయారుచేద్దాం, సలహాలివ్వండి అని 1955లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సభ్యులను అడిగితే, ముందుకొచ్చింది వేళ్ళమీద లెక్కపెట్టదగిన వాళ్ళు. వాళ్ళలో ఇంగ్లండుకి చెందిన ఈవెన్ విటేకర్ ఒకడు. ఆయన తర్వాత కైపర్ దగ్గరికే వచ్చేసి జీవితాంతం చంద్రుడి పటాలే గీశాడు. యెర్కిస్‌లోని సహచరులకి మాత్రం ఈ చందమామ గొడవ నచ్చలేదు. కైపర్ కూడా మెత్తని మనిషేమీ కాదు. పట్టు పట్టాడంటే వదలడు, అధికారం చేతిలో ఉంటే ఎవరినీ లెక్కచేయడు. కలతలు ముదిరాయి. చివరికి 1960లో మూటాముల్లే సర్దుకుని, కొద్దిమంది అనుచరులతో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో చంద్ర గ్రహ పరిశోధనశాలను స్థాపించాడు. మొదట్లో అది ఒక తాత్కాలికపు రేకుల షెడ్డులో నడిచింది.

ఆ షెడ్డులో జరిగిన ఒక ముచ్చట విద్యార్థులమైన మనం గుర్తుంచుకోదగ్గది. భూమి మీంచి చూస్తే చంద్రుడి అంచు ప్రాంతాలు ఏటవాలుగా, నొక్కేసినట్టు కనిపిస్తాయి. దాన్ని సరిచేయడానికి మూడడుగుల తెల్లని గోళం ఒకటి చేయించి, చంద్రుడి ఫొటోలను దాని మీద వెలుగుగా పడనిచ్చి, పక్కకి వెళ్ళి మళ్ళీ ఫొటోలు తీసేవారు. రాకెట్టు ఎక్కకుండానే చంద్రుడి పక్కకి వెళ్ళి చూసినట్టన్న మాట. ఆ పనిలో ఉన్న విలియం హార్ట్‌మన్ అనే కుర్ర పరిశోధక విద్యార్థికి 1962లో చంద్రుడి అంచున ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్న బ్రహ్మాండమైన వలయాలు కనబడ్డాయి. అదే ఓరియెంటాల్ బేసిన్, ఒక మహా ఉల్కాపాతం మిగిల్చిన గుర్తు. అన్ని వందల ఏళ్ళుగా టెలిస్కోపులు చూస్తున్న చంద్రుడి మీద అంత పెద్ద సంగతి ఒక విద్యార్థికి దొరికింది. ఎందుకు దొరికిందంటే, చూసే వీలు కల్పించిన గురువు ఉన్నాడు గనుక. అదే హార్ట్‌మన్ 1975లో డొనాల్డ్ డేవిస్‌తో కలిసి, భూమిని మరో గ్రహమంత వస్తువు ఢీకొనగా చంద్రుడు పుట్టాడనే సిద్ధాంతం ప్రతిపాదించాడు. నేటికీ ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఒప్పుకునేది దాన్నే. తర్వాతి కాలంలో జగమెరిగిన కార్ల్ సేగన్ కూడా 1960లో కైపర్ దగ్గరే డాక్టరేటు తీసుకున్నాడు.

ఈలోగా కాలం కలిసొచ్చింది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపాలని అమెరికా నిశ్చయించుకునేసరికి, దిగవలసిన నేల గురించి తెలిసిన మనిషి ఎవరా అని వెతికితే కైపర్ తప్ప ఎక్కువమంది కనబడలేదు. 1964 జులై 31న రేంజర్ 7 నౌక చంద్రుణ్ణి ఢీకొనేలోగా 4,300కి పైగా ఫొటోలు పంపింది. ఆ శాస్త్రజ్ఞుల బృందానికి ఆయనే నాయకుడు. చంద్రుడి మీద దిగితే నౌక దుమ్ములో కూరుకుపోతుందని కొందరు భయపెడుతున్న రోజుల్లో నేల బరువు మోయగలదని ఆయన వాదించాడు. 1966లో మెత్తగా దిగిన నౌకలు ఆ మాట నిజం చేశాయి.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయని కాదు. అంగారకుడి మీద నాచులాంటి మొక్కలు ఉండవచ్చని ఒకప్పుడు భావించాడు, అవేవీ లేవు. ఇంతకంటే పెద్ద దెబ్బ హవాయి దీవుల్లో తగిలింది. పరారుణ పరిశీలనకి తేమలేని ఎత్తైన చోటు కావాలి. 4,200 మీటర్ల మౌనా కియా శిఖరం అందుకు తగినదని కనిపెట్టి, 1964లో జీపు దారి వేయించి, చిన్న టెలిస్కోపు పెట్టి పరీక్షించి, ఇంతకంటే మంచి చోటు దొరకదని తేల్చాడు. తీరా పెద్ద టెలిస్కోపుకి నాసా డబ్బిచ్చే సమయానికి అది కైపర్‌కి దక్కలేదు, హవాయి విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. తన కొండను తననుంచి లాక్కున్నారని ఆయన ఎంతో బాధపడ్డాడు. 88 అంగుళాల ఆ టెలిస్కోపు 1970లో పని మొదలుపెట్టింది.

కొండ పోతే ఆకాశం ఉందిగా! 1967 నుంచి జెట్ విమానంలో టెలిస్కోపు పెట్టుకుని మేఘాలపైకి వెళ్ళి గ్రహాలను పరిశీలించాడు. శుక్రగ్రహపు మేఘాల్లో నీటి ఆవిరి బహు స్వల్పమని అలాగే తేల్చాడు. 1973 డిసెంబర్‌లో మెక్సికో నగరంలో గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికి 68 ఏళ్ళు.

మరణించిన తర్వాత ఆయన పేరును నాసా 1975లో ఒక ఎగిరే అబ్జర్వేటరీకి పెట్టింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందునుంచి దాటిపోయింది. హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న ఆ విమానంలోని శాస్త్రజ్ఞులకు గ్రహం అడ్డు రాకముందు అయిదుసార్లు, వచ్చి వెళ్ళాక అయిదుసార్లు నక్షత్రం మినుకుమంది. యురేనస్‌కీ వలయాలున్నాయని అలా తెలిసింది. అదే రాత్రి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో మనవాళ్ళు కూడా ఆ సంఘటనను పరిశీలించి, నక్షత్రం వెలుగు తగ్గడాన్ని నమోదుచేశారు. ఆ అబ్జర్వేటరీని నిలబెట్టిన వైను బప్పు మన హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్నవాడు. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు.

ఇక అసలు విశేషం. నెప్ట్యూన్ అవతల సూర్యుడి చుట్టూ మంచు శకలాల పట్టీ ఉండి ఉండాలని ఐర్లండుకి చెందిన ఎడ్జ్‌వర్త్ 1943లో ఊహించాడు. 1951లో కైపర్ కూడా ఆ మాటే రాశాడు గాని, ఒకప్పుడు ఉన్నా ప్లూటో ఈపాటికి దాన్ని చెల్లాచెదురు చేసి ఉంటుందన్నాడు. ప్లూటో చాలా బరువైనదని అప్పట్లో నమ్మేవారు. 1992 ఆగస్టు 30న డేవిడ్ జ్యూవిట్, జేన్ లూ అయిదేళ్ళ వెతుకులాట తర్వాత ఆ ప్రాంతంలో మొదటి శకలాన్ని పట్టుకున్నారు. నేడు అలాంటివి వేలల్లో తెలుసు. ఉండదని ఆయన అనుకున్న ఆ పట్టీనే లోకం కైపర్ బెల్ట్ అంటోంది. దాన్ని కనిపెట్టింది ఏ టెలిస్కోపుతోనో తెలుసా? మౌనా కియా మీది ఆ 88 అంగుళాల టెలిస్కోపుతోనే. ఆయన చేజారిన కొండ మీదనుంచే ఆయన పేరు ఆకాశానికెక్కింది.

మిత్రులారా, కష్టపడినవాడికే ఫలితం దక్కుతుందని ఈ కథ చెప్పదు. దారి వేసినవాడు ఒకడు, నడిచినవాడు మరొకడు. అయినా దారి వేయడం వృథా కాలేదు. మన దేశంలో ఈ శాఖ ఇప్పుడు దిక్కులేనిదేమీ కాదు. అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాలలో గ్రహశాస్త్ర పరిశోధన జరుగుతోంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. చంద్రయాన్-2 సేకరించిన సమాచారాన్ని ఇస్రో అందరికీ అందుబాటులో పెట్టింది. కైపర్ తన షెడ్డులోకి భౌతికశాస్త్రం వాళ్ళతో పాటు రాళ్ళను చదివే భూగర్భశాస్త్రం వాళ్ళనీ రానిచ్చాడు. కాబట్టి ఫిజిక్సు, కెమిస్ట్రీ, జియాలజీ, లెక్కలు, ఏది చదివేవాళ్ళకైనా ఇందులో చోటుంది. నోటీసు బోర్డు మీద ప్రకటన పడేదాకా ఆగకుండా, ఆ ఫొటోలలో ఒకదాన్ని తెరిచి, హార్ట్‌మన్‌లాగా కాస్త పక్కనుంచి చూడటం మొదలుపెడితే చాలు.