కోటలో చోటు దొరికింది ఎందుకు?

ప్రతి ఉదయం సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌లో ఎందరో ఆడపిల్లలు మెడలో ఐడీ కార్డు వేసుకుని రైలెక్కుతారు. అమీర్‌పేట, మాదాపూర్ దాటి ఆ రైలు వారిని హైటెక్ సిటీలో దింపుతుంది. వారిలో మన సంఘాల బిడ్డలూ ఉన్నారు. ఆదివారం క్వయర్‌లో పాడి, సోమవారం అద్దాల మేడల్లో కంప్యూటర్ ముందు కూర్చునే బిడ్డలు వాళ్లు. కూలీలుగా, పాలేర్లుగా బతికిన తాతల ఇళ్ల నుంచి మనవరాళ్లు ఇంత దూరం రావడం దేవుని మేలు కాక మరేమిటి? అయితే వాళ్లు రైలెక్కే ఆ స్టేషన్‌కు దగ్గర్లోనే చిలకలగూడ ఉంది. ఈ దారి ఇంకా లేని రోజుల్లో అక్కడ పుట్టిన ఒక దళిత బాలిక కథ మన బిడ్డలకు తెలియాలి. ఆమె పేరు జెట్టి ఈశ్వరీబాయి.

ఆమె 1918 డిసెంబరు 1న జన్మించారు. నిజాం పాలనలో ఆడపిల్లకు చదువే అరుదు. దళితుల ఇంటి ఆడపిల్లకు అది మరీ అందని పండు. అయినా ఆమె సికింద్రాబాద్‌లోని కీస్ హైస్కూల్లో చదువుకున్నారు. ఆ కాలపు ఆచారం ప్రకారం చిన్న వయసులోనే పెళ్లయింది. భర్త దంతవైద్యుడు. తరువాత సికింద్రాబాద్‌లోనే ఉపాధ్యాయినిగా పనిచేశారు. తన కాళ్ల మీద తాను నిలబడితే చాలని ఆమె అనుకోలేదు. బస్తీ పిల్లల కోసం గీతా విద్యాలయం పేరుతో బడి పెట్టారు. పేద స్త్రీలకు కుట్లు, అల్లికలు నేర్పించి నాలుగు రూపాయలు సంపాదించుకునే దారి చూపారు. రాజకీయాల్లోకి రాకముందే ఆమె ప్రజాసేవ మొదలైందన్నమాట.

1950ల తొలినాళ్లలో సికింద్రాబాద్ పురపాలక సంఘానికి ఎన్నికలు జరిగినప్పుడు చిలకలగూడ నుంచి ఆమె స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. కౌన్సిలర్ పని ఎలాంటిదో మనకు తెలుసు. వీధి కుళాయి, మురుగు కాల్వ, వీధి దీపం, పేదవాడి గుడిసె. ఆ చిన్న పనుల్లో నమ్మకంగా ఉన్నవారికే పెద్ద పనులు అప్పగించబడతాయని మన ప్రభువు ఉపమానంలో నేర్పించాడు కదా! ఆమె జీవితంలో అదే జరిగింది. డాక్టర్ అంబేడ్కర్ ఆలోచనలు ఆమెను ఎంతో ప్రభావితం చేశాయి. 1956లో ఆయన కన్నుమూశాక 1957లో రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీని నడిపించిన నాయకురాలిగా, రాష్ట్ర అధ్యక్షురాలిగా ఈశ్వరీబాయి ఎదిగారు. అధికారం దరిదాపుల్లో లేని చిన్న పార్టీ అది. పదవి కోసమైతే ఎవరూ అందులో చేరరు.

1967లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నుంచి పోటీ చేసి, మంత్రిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మిని ఓడించి శాసనసభలో అడుగుపెట్టారు. 1972లో అక్కడి ప్రజలు ఆమెను మళ్లీ గెలిపించారు. మధ్యలో 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకు కూడా వెళ్లారు.

ఆమె పేరు రాష్ట్రమంతటా మార్మోగింది మాత్రం 1968లో. కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత పాలేరు మీద దొంగతనం నింద వేశారు. విచారణ లేదు, న్యాయస్థానం లేదు. స్తంభానికి కట్టేసి, కిరోసిన్ పోసి సజీవంగా తగలబెట్టారు. ఈ ఘోరం శాసనసభలో చర్చకు వచ్చినప్పుడు, దొంగతనం చేసినవాణ్ని కొడితే తప్పేమిటన్న ధోరణిలో ఒక మంత్రి మాట్లాడారు. నిండు సభలో ఈశ్వరీబాయి లేచి తన కాలి చెప్పు చూపించారు. సభ దిగ్భ్రాంతి చెందింది. ఆ పని సభా మర్యాదకు తగినదా అని ఆనాడు వాదించినవారు ఉన్నారు, ఈనాడూ ఉండవచ్చు. విశ్వాసులమైన మనం కోపాన్ని తేలికగా సమర్థించలేము. కాని ఒక మనిషిని బతికుండగా కాల్చినందుకు రాని కోపం, చెప్పు చూపించినందుకు వస్తే మాత్రం మన మనస్సాక్షిని మనమే పరీక్షించుకోవాలి.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ఈశ్వరీబాయి సువార్తికురాలు కాదు, సంఘ పెద్ద కాదు. అంబేడ్కర్ బాటలో నడిచిన రాజకీయ నాయకురాలు. మరి విశ్వాసులు చదివే ఈ శీర్షికలో ఆమె ప్రస్తావన ఎందుకు? ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ గుర్తు చేసుకోండి (లూకా 10:30-37). దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని చూసి యాజకుడు పక్కకు తప్పుకుని వెళ్లాడు. లేవీయుడూ అంతే. ఆగినవాడు మాత్రం వాళ్లు తమవాడిగా ఎంచని సమరయుడు. కృష్ణా జిల్లాలో ఆనాటికే చర్చిలకు కొదవ లేదు. కోటేశును కాల్చిన తరువాతి ఆదివారం మన ప్రసంగ వేదికల్లో ఎన్నింటి మీద అతని పేరు వినిపించి ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఆమెను గురించి ఇక్కడ ఎందుకు రాయాలో అర్థమవుతుంది.

బైబిల్‌లో ఎస్తేరు కథ కూడా ఇదే చెబుతుంది. తల్లీ తండ్రీ లేని యూదుల పిల్ల షూషను కోటలో రాణి అయింది. తన జాతి జనమంతటినీ చంపించాలని హామాను ఆజ్ఞ రాయించినప్పుడు ఆమె మొదట వెనుకాడింది. పిలుపు లేకుండా రాజు ముందుకు వెళితే ప్రాణానికే ముప్పు. అప్పుడు మొర్దెకై ఆమెకు గట్టి హెచ్చరిక పంపాడు. కోటలో ఉన్నాను కాబట్టి నేను క్షేమం అనుకోవద్దని, ఆమె మౌనంగా ఉన్నా దేవుడు మరో దిక్కు నుంచి విడుదల తెస్తాడని, ఇలాంటి ఘడియ కోసమే ఆమెకు ఆ స్థానం దక్కిందేమో ఆలోచించుకొమ్మని దాని భావం (ఎస్తేరు 4:13,14). ఎస్తేరు ఉపవాసముండి, తెగించి లోపలికి వెళ్లింది. శాసనసభ అనే కోటలో ఈశ్వరీబాయికి దొరికిన కుర్చీ కూడా అలాంటిదే. ఆమె దాన్ని తనకోసం వాడుకోలేదు.

1991 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు. కుమార్తె గీతారెడ్డి వైద్యురాలై, 1989లో గజ్వేల్ నుంచి శాసనసభకు ఎన్నికై, మంత్రి కావడం ఆమె కళ్లారా చూశారు. కాని సైబర్ టవర్స్‌ను చూడలేదు. దాని ప్రారంభోత్సవం జరిగింది 1998 నవంబరులో. చిలకలగూడ నుంచి నేరుగా హైటెక్ సిటీకి రైలు వెళ్లే రోజు వస్తుందని ఆమె ఊహించి ఉండకపోవచ్చు.

ఆ రైలెక్కే మన బిడ్డలు ఈ రోజు కోటలో ఉన్నారు. మంచి జీతం ఉంది, గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు ఉంది. సంతోషమే. కాని ఆ అద్దాల మేడను రాత్రిపూట తుడిచే ఆయమ్మకు కాంట్రాక్టరు జీతం కోస్తే ఎవరు అడగాలి? పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు కూర్చోవడానికి కుర్చీ ఎవరు వేయించాలి? క్యాంటీన్‌లో ఎవరో ఒక కులాన్ని హేళన చేస్తూ జోకు వేస్తే, తన ఊరూ పేటా ఎక్కడ బయటపడతాయోనని తల వంచుకుని నవ్వే బిడ్డ మన సంఘంలో లేడా? మాట్లాడలేని వారి పక్షాన నోరు తెరవమని, దీనులకు న్యాయం చేయమని సామెతల గ్రంథం ఆజ్ఞాపిస్తోంది (31:8,9). అది రాజులకు మాత్రమే రాసిన మాట కాదు. ఐడీ కార్డు ఉన్న ప్రతివారికీ అది వర్తిస్తుంది.

ప్రియ చదువరీ, నీకు దొరికిన కుర్చీ ఎంత చిన్నదైనా కావచ్చు. వార్డు కౌన్సిలర్ కుర్చీ కూడా చిన్నదే. దాని మీద కూర్చున్న ఒక స్త్రీ ఎవరి కోసం లేచి నిలబడిందో ఇంతసేపూ చూశాం. రేపు ఉదయం నువ్వు నీ కోటలోకి వెళ్తావు. అక్కడ నీ మౌనం వల్ల నష్టపోతున్నది ఎవరో ఈ రాత్రి మోకాళ్ల మీద ప్రభువును అడుగు. ఆయన ఒక పేరు చూపిస్తాడు. ఆ ఒక్కరి కోసం నోరు తెరువు.