దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. గ్రామసేవికలకు, మంత్రసానులకు శిక్షణనిచ్చి, పనిలో వారికి తోడుగా పర్యవేక్షకులను నియమించిన సంక్షేమ పథకాలు ఈమె నాయకత్వంలోనే మొదలయ్యాయి.

బాల్యము, చదువు

ఈమె రాజమండ్రిలో కృష్ణవేణమ్మ, రామారావు దంపతులకు జన్మించింది. తండ్రి సంఘసేవాపరుడు. ఎనిమిదేళ్ళ వయసులో జరిగిన బాల్యవివాహాన్ని ఈమె పెద్దయ్యాక అంగీకరించలేదు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనకు టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ద్వారం వద్ద ఆపిన సంఘటన తెలుగువారికి సుపరిచితమే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళింది. అక్కడ తాము చేసిన నేరమేమిటో, తమకు పడిన శిక్ష ఏమిటో కూడా తెలియని నిరక్షరాస్య స్త్రీలను చూడడం ఈమెను చదువువైపు మళ్ళించింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., ఆపై 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసింది.

ఆంధ్ర మహిళా సభ

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఏర్పడింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం సభ తొలి కార్యక్రమాలలో ఒకటి. ఇది పైకి కనిపించేటంత చిన్న విషయం కాదు. నర్సు శిక్షణకైనా, ఉపాధ్యాయ శిక్షణకైనా పాఠశాల చదువు అర్హతగా ఉండేది. వితంతువులకు, భర్త విడిచిన స్త్రీలకు ఆ మొదటి మెట్టే అందేది కాదు. కాలక్రమంలో సభ ఆసుపత్రులను, నర్సింగ్ శిక్షణను కూడా చేపట్టింది.

సంక్షేమ బోర్డు

1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఈమె తొలి అధ్యక్షురాలు. 1954లో బోర్డు సంక్షేమ విస్తరణ పథకాలను ప్రారంభించింది. ఒక్కో పథకం కింద సుమారు 25 గ్రామాలు, 20,000 జనాభా ఉండేవి. బాలవాడి, ప్రసూతి సేవ, వయోజన స్త్రీల అక్షరాస్యత, చేతిపనులు ఇందులో భాగాలు. కేంద్రాలలో గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనుల బోధకురాలు పనిచేసేవారు. వీరందరిపై ముఖ్యసేవిక ఉండేది.

ఈ ముఖ్యసేవిక ఏర్పాటును చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. అప్పుడే శిక్షణ ముగించుకొని, ఎరుగని పల్లెలో ఒంటరిగా కాపురం పెట్టిన యువతికి కష్టమైన కాన్పు వచ్చినా, ఊరి పెద్దలతో చిక్కు వచ్చినా సలహా చెప్పేవారు అవసరం. శిక్షణాలయం ఇచ్చే పత్రం ఆ లోటు తీర్చదు. అయితే అన్ని గ్రామాలకు ఒక్క ముఖ్యసేవిక కాబట్టి ఈ తోడు ఎంతమేరకు అందిందనేది ఆ వ్యక్తి ఓపికపైనే ఆధారపడిందనుకోవాలి. 1957 నుండి ఈ పథకాలను సమాజ వికాస బ్లాకులతో సమన్వయపరచారు.

1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభించింది. మద్రాసు సభలో సాగిన పాత ప్రయోగమే ఇక్కడ దేశవ్యాప్తమైంది. సేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా శిక్షణ పొందేందుకు కావలసిన పాఠశాల చదువును తక్కువ కాలంలో ముగించడం వీటి ఉద్దేశ్యం. అదే ఏడాది ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా కమిటీకి కూడా ఈమే అధ్యక్షురాలు.

చివరి సంవత్సరాలు

1953లో ఆనాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. తరువాతి కాలంలో దంపతులు హైదరాబాదులో స్థిరపడ్డారు. విద్యానగర్‌లోని సభ ఆసుపత్రికి ఈమె పేరే పెట్టారు. 1975లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది.