డాక్టర్ మేరీ గ్లౌరీ అమ్మగారి జీవితము – మఠకన్యల చరిత్రను కాపాడుకొనవలసిన ఆవశ్యకత

మన మేత్రాసన శతాబ్ది సంచికలో మేత్రాణులను గూర్చి, గురువులను గూర్చి, దేవాలయముల నిర్మాణమును గూర్చి పెద్దలనేకులు వ్రాయుచున్నారు. పుత్తూరు వాసులమైన మేము మన బడులలోను, ఆసుపత్రులలోను తమ జీవితములను ధారపోసిన కన్యస్త్రీలను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము. అందుకు గుంటూరులో వైద్యసేవ చేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ అమ్మగారి జీవితమును ఆధారముగా తీసికొనుచున్నాము.

పుత్తూరు పేరు చెప్పగానే ఎవరికైనను ఎముకల కట్టు జ్ఞాపకము వచ్చును. విరిగిన చేయి, కాలు పట్టుకొని ఆంధ్ర, తమిళ, కర్ణాటక ప్రాంతముల నుండి జనులు మన పొరుగున ఉన్న రాచపాళెమునకు వచ్చుచుందురు. ఆ విద్య తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చినది. కుటుంబమున్నంత కాలము ఆ పెద్దల పేర్లు కూడ నిలుచును. కాని కన్యస్త్రీలకు బిడ్డలు లేరు, మనుమలు లేరు. ఒక మఠము నుండి మరియొక మఠమునకు బదిలీపై పోవుచు, చివరకు ఎక్కడనో సమాధియగుదురు. వారి పేరు నిలుపవలసినది కాగితమే. ఆ కాగితమునకు ఎంత శక్తి యున్నదో మేరీ గ్లౌరీ అమ్మగారి జీవితమే తెలుపుచున్నది.

బాల్యము, విద్య

వీరు 1887వ సంవత్సరము జూన్ 23వ తేదీన ఆస్ట్రేలియా దేశములో, విక్టోరియా రాష్ట్రమందలి బిర్రెగర్రా అను చిన్న ఊరిలో జన్మించిరి. ఎడ్వర్డు, మార్గరెట్ దంపతుల తొమ్మండుగురు బిడ్డలలో వీరు మూడవవారు. కుటుంబము తరువాత వాచెమ్ అను పల్లెలో స్థిరపడినది. ఆ ఇంట ప్రతి రాత్రి జపమాల చెప్పుకొనుచు, మంచి గురువులను, మంచి వైద్యులను దయచేయుమని దేవుని అడుగుట వాడుక. ఆ ప్రార్థనకు తమ కుమార్తెయే ఒక జవాబు కాగలదని ఆ తల్లిదండ్రులు ఆనాడు తలచియుండరు.

చదువులో చురుకైన మేరీ విద్యార్థి వేతనము సంపాదించి మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. మొదట సాహిత్య శాఖలో చేరి, పిమ్మట వైద్యశాఖకు మారి 1910లో పట్టభద్రులైరి. స్త్రీలు డాక్టర్లగుట అరుదైన ఆ దినములలో న్యూజీలాండులో కొంత కాలము పనిచేసి, మెల్బోర్న్ తిరిగి వచ్చి, కంటి వైద్యములో మంచి పేరు పొందిరి. 1916లో అచ్చటి కథోలిక స్త్రీల సాంఘిక సేవా సంఘమునకు మొట్టమొదటి అధ్యక్షురాలైరి.

ఒక చిన్న పుస్తకము

1915వ సంవత్సరములో వీరి చేతికి ఒక చిన్న పుస్తకము వచ్చినది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అను స్కాట్లాండు దేశపు వైద్యురాలిని గూర్చినది. ఆ మెక్‌లారెన్ అమ్మగారు 1837లో ఎడిన్‌బరోలో పుట్టి, స్త్రీలకు తమ దేశములో వైద్యవిద్య దొరకని కాలములో ఫ్రాన్సు దేశమునకు పోయి 1878లో డాక్టరైరి. తరువాత కథోలిక సత్యసభలో చేరిరి. మన దేశములో పరదా వలనను, ఆచారము వలనను స్త్రీలు మగ డాక్టరుకు చేయి చూపనొల్లక ప్రసవవేదనలో ప్రాణములు విడుచుచుండగా, వారి కొరకు రావల్పిండిలో ఆసుపత్రి నెలకొల్పుటకు తోడ్పడిరి. కన్యస్త్రీలు వైద్యము చేయుటకు అనుమతి నీయవలసినదిగా రోము నగరమునకు మరల మరల విన్నవించుకొనిరి. ఆ అనుమతి రాకముందే, 1913లో పరమపదించిరి.

అనగా, మేరీ ఆ పుస్తకము చదువునాటికి మెక్‌లారెన్ అమ్మగారు గతించి రెండేండ్లు దాటినది. వారిరువురు ముఖాముఖి కలిసినది లేదు. అయినను కొన్ని పుటలు చదివి మేరీ మోకరించి, తన జీవితమును భారతదేశమునకు అర్పించుటకు నిశ్చయించుకొనిరి. ఆ జీవితమును ఎవరును వ్రాసి పెట్టకయున్నచో గుంటూరునకు ఈ డాక్టరమ్మ వచ్చెడివారా యని మేము ఆలోచించుచున్నాము.

గుంటూరు సేవ

మొదటి ప్రపంచ యుద్ధ కాలమంతయు మేరీ తన దేశములోనే సేవ చేయుచు వేచియుండిరి. ప్రసూతి వైద్యము, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యములలో 1919లో ఎం.డి. పట్టము పొంది, 1920 జనవరిలో ఓడ ఎక్కి గుంటూరు చేరిరి. అచ్చట యేసు మరియ జోజప్ప సభ కన్యస్త్రీలు, అనగా మనము జె.యం.జె. సిస్టర్లని పిలుచువారు, 1904 నుండి పనిచేయుచుండిరి. ఇది 1822లో హాలెండు దేశమున పుట్టిన సభ. మేరీ ఆ సభలోనే చేరి, యేసు తిరుహృదయ మేరీ సిస్టరను నామము ధరించిరి.

ఆ కాలపు శ్రీసభ చట్టము ప్రకారము మఠవాసులు వైద్యవృత్తి చేయరాదు. గుంటూరులోనే లూథరన్ మిషనుకు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు 1883 నుండి స్త్రీలకు వైద్యము చేయుచుండగా, మన కన్యస్త్రీలకు ఆ స్వేచ్ఛ లేకుండెను. 15వ బెనెడిక్టు పాపుగారు మేరీ అమ్మగారికి ప్రత్యేకానుమతి నిచ్చిరి. కన్యస్త్రీలందరికి ప్రసూతి, వైద్య సేవల ద్వారము తెరువబడినది 1936లో మాత్రమే.

చిన్న మందులశాల క్రమముగా సెయింట్ జోజఫ్ ఆసుపత్రిగా పెరిగినది. 1927 మొదలు 1936 వరకు గల కాలములోనే 6 లక్షలకు మించిన రోగులకు అచ్చట వైద్యసహాయము లభించినది. అమ్మగారు స్థానిక బాలికలకు మందులు కలుపుటలోను, ప్రసూతి పనిలోను, నర్సు పనిలోను శిక్షణ నిచ్చిరి. మన నాటు మందుల గుణములను కూడ శ్రద్ధగా పరిశీలించిరి. చదువుకొన్న డాక్టరు నాటు వైద్యమును తీసిపారవేయకుండుట పుత్తూరు వారమైన మాకు మిక్కిలి సంతోషము కలిగించు విషయము.

1943 జూలై 29వ తేదీన కొద్దిమంది కన్యస్త్రీలతో కలిసి కథోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించిరి. వేలాది ఆసుపత్రులు, మందులశాలలు సభ్యత్వము పొందిన ఆ సంఘము నేడు కథోలిక ఆరోగ్య సంఘమను పేర సికిందరాబాదు కేంద్రముగా పనిచేయుచున్నది. మన దేశమున ఒక కథోలిక వైద్య కళాశాల యుండవలెనని అమ్మగారి ఆశయము. బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల 1963లో ప్రారంభమగు నాటికి ఆమె లేరు. క్యాన్సరు బాధను ఓర్పుతో భరించి, 1957 మే 5వ తేదీన బెంగుళూరులోనే ప్రభువునందు నిద్రించిరి.

మరుగున పడనీయని కాగితములు

అమ్మగారు ఆస్ట్రేలియాలోని బంధువులకు, స్నేహితురాండ్రకు లేఖలు వ్రాయుచుండిరి. వాటిని కొందరు దాచియుంచిరి. 2013లో గుంటూరులో వీరిని దైవసేవకురాలిగా ప్రకటించినప్పుడు ఆ దాచిన కాగితముల విలువ అందరికి తెలిసినది. పునీత పట్టమునకు విచారణ జరుగునప్పుడు ఆ వ్యక్తి వ్రాసిన ప్రతి వ్రాతను, వారిని గూర్చిన పత్రములను చరిత్ర తెలిసిన వారు వెదకి సమర్పించవలెను. భక్తి ఎంత యున్నను పత్రములు లేనిచో ఆ పని ముందుకు సాగుట కష్టము. మెల్బోర్న్ నగరములో వీరి పేర ఒక ప్రదర్శనశాలయు వెలసినది.

ఇచ్చట మన మనస్సులను తాకవలసిన ప్రశ్న యొకటి యున్నది. మేరీ అమ్మగారి పేరు మిగిలినది. ఆమె ప్రక్కన దీపము పట్టుకొని నిలిచిన, ఆమె వద్ద పని నేర్చుకొన్న మన తెలుగు ఆడపడుచులలో ఎందరి పేర్లు మనము చెప్పగలము? వారిలో ఎక్కువ మంది దూరదేశములకు ఉత్తరములు వ్రాసినవారు కారు. మన తల్లులకు పురుడు పోసినవారు, మనకు ఓనమాలు దిద్దించినవారు అట్టివారే. మఠము ఒక ఊరి నుండి తరలిపోవునప్పుడు, పాత బీరువా ఖాళీ చేయునప్పుడు వారి జీవితములు పాత కాగితముల తూకములో పోవు ప్రమాదమున్నది. చెదపురుగు తినగా మిగిలినది వానకు తడియును.

1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రము ప్రతి మేత్రాసనమునకు పత్రాలయ ముండవలెననియు, ప్రతి విచారణలో జ్ఞానస్నాన, వివాహ, మరణ పుస్తకములు భద్రముగా నుంచవలెననియు విధించుచున్నది. 1997లో రోము నుండి వెలువడిన లేఖ శ్రీసభ పత్రాలయములు కేవలము పండితుల కొరకు కాదనియు, అవి విశ్వాసుల జ్ఞాపకమనియు బోధించినది. కన్యస్త్రీల మఠములలోని దినచర్య పుస్తకములు, మాటపట్టు పుస్తకములు, మరణించిన సిస్టర్లను గూర్చిన వ్రాతలు, లెక్కల పుస్తకములు, ఆసుపత్రి రిజిస్టర్లు, ఫోటోలు అన్నియు ఈ జ్ఞాపకములో భాగములే.

మనము చేయగల పనులు

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. మన ఇండ్లలో సిస్టర్లతో దిగిన ఫోటోలున్నచో, వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుదము. పాత కాగితములకు గుండుసూదులు, జిగురు టేపులు వేయకుందము. అవి త్రుప్పుతోను, మరకలతోను కాగితమును పాడుచేయును. ఇనుప బీరువాను తడి గోడకు దూరముగా నుంచుదము. వృద్ధులైన సిస్టర్లను, వారి వద్ద చదివిన పెద్దలను కూర్చుండబెట్టి, వారికి ఇష్టమైన మేరకు వారి మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి మఠమున ఒక ప్రతి, మేత్రాసన పత్రాలయమున ఒక ప్రతి ఉంచుదము. రోగుల పేర్లు గల పుస్తకములను మాత్రము భద్రపరచవలెనే గాని బహిరంగపరచరాదు.

ఈ పనికి చదువుకొన్న యువతీ యువకులు విచారణకు ఇద్దరు ముందుకు వచ్చినను చాలును. సిస్టర్ల అనుమతి పొంది, ముందుగా ఏ పుస్తకము ఏ బీరువాలో ఉన్నదో ఒక జాబితా వ్రాసికొన్నచో సగము పని అయినట్లే.

ఒక చనిపోయిన డాక్టరమ్మను గూర్చిన కొన్ని పుటలు సముద్రములకు ఆవల ఒక యువతిని కదలించి మన తెలుగు నేలకు తెచ్చినవి. మన కన్యస్త్రీలను గూర్చి మనము నేడు దాచిపెట్టు కాగితము రేపు ఏ బిడ్డ హృదయమును కదలించునో దేవునికే ఎరుక. ఈ శతాబ్ది సంవత్సరము ముగియక మునుపే ప్రతి విచారణలో ఒక బీరువా ఇందుకై కేటాయింపబడవలెనని మేము వేడుకొనుచున్నాము. మనకు సేవచేసి గతించిన కన్యస్త్రీలందరికి ప్రభువు నిత్య విశ్రాంతిని దయచేయును గాక.